తగ్గని జబ్బుతో బతికేటప్పుడు మనసుకి ఒక వ్యాపకం: ఎలా ఎంచుకోవాలి, ఎలా నిలబెట్టుకోవాలి

తొమ్మిదేళ్ల క్రితం ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున నెల్లూరు జిల్లా కావలిలో మా వాకిట్లో కూర్చున్నాను. కళ్లాపి చల్లడం అయింది, చుక్కలు పెట్టాలి. పిండి తీసుకున్నాను గానీ చూపుడువేలూ బొటనవేలూ కలవలేదు. సన్నటి ధారగా జారాల్సిన పిండి గుప్పెడూ ఒకేచోట కుప్పగా పడింది. పక్కింటి అక్క చూసి, "ఏందమ్మా, చెయ్యి పట్టు తప్పిందా?" అంది. చలికి అనుకున్నాను. నెల తిరిగేసరికి రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచాయి. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగిసేది కాదు. రక్త పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి కీళ్ల లోపలి పొర మీద పడే జబ్బు ఇది. మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ. మందులతో అదుపులో ఉంటుంది, పూర్తిగా మాత్రం పోదు.

మందులు పనిచేశాయి. నొప్పి సగానికి పైగా తగ్గింది. అయినా సాయంత్రం నాలుగింటికి మంచం మీద కూర్చొని, తిరుగుతున్న ఫ్యానుని చూస్తూ "ఇక నా బతుకింతేనా" అనుకునే ఒక గంట ఉండేది. షుగరు, కిడ్నీ, ఉబ్బసం, గుండె, ఏ జబ్బుతోనైనా ఏళ్లతరబడి ఉన్నవాళ్లకి ఆ గంట తెలుసు. దాన్ని దాటడానికి నేను నేర్చుకున్నది మీకు వరసగా చెబుతాను.

వ్యాపకం జబ్బుని నయం చేయదు. డాక్టరు రాసిన బిళ్ల ఒక్కటి కూడా దీనివల్ల మానకూడదు. దీని పని వేరు. మనసు నొప్పి మీదే నిలబడినప్పుడు నొప్పి పెద్దదిగా తెలుస్తుంది, టెన్షన్‌కి కండరాలు బిగుస్తాయి, బిగిసిన కండరాలు మళ్లీ నొప్పి పుట్టిస్తాయి, రాత్రి నిద్ర చెడుతుంది, నిద్ర లేని ఒంటికి తెల్లారితే ఇంకాస్త నొప్పి. గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. ఆ ఎద్దుని కాసేపు కాడి విప్పి నీడన కట్టేయడం లాంటిది ఈ వ్యాపకం.

మొదటి అడుగు: పోయినవాటి పేర్లు రాయండి

ఒక పాత నోటుబుక్కు తీసుకొని, జబ్బు మీ దగ్గర్నుంచి ఏమేం తీసుకుపోయిందో రాయండి. పెద్ద మాటలొద్దు. నేను రాసినవి ఇవి: వాకిట్లో ముగ్గు. ట్యూషన్ పిల్లలకి బోర్డు మీద లెక్కలు చెప్పడం. చేపల పులుసుకి చింతపండు పిసకడం. మా అమ్మాయికి జడ వేయడం. రాస్తూ ఏడ్చాను. మీకూ ఏడుపొస్తే ఆపుకోకండి. చాలామంది ఈ దుఃఖాన్ని పక్కకి నెట్టి, "పాజిటివ్‌గా ఉండాలి" అనుకుంటూ ఏదో ఒకటి మొదలుపెడతారు. చేస్తున్నంతసేపూ పాతదే గుర్తొస్తుంది. వారం తిరక్కముందే ఆగిపోతుంది.

రాశాక, ఒక్కోదాని పక్కన అందులో మీకు నచ్చింది ఏమిటో రాయండి. ముగ్గులో నాకు నచ్చింది వీధిలోవాళ్ల మెప్పు అనుకునేదాన్ని. రాసి చూసుకుంటే తేలింది, గీత వంపు తిరిగి చుక్కని చుట్టుకొని వచ్చే ఆ కాసేపు నాకిష్టం. దానికి వాకిలి అక్కర్లేదు, పిండీ అక్కర్లేదు. మీరు పొలం గట్ల మీద తిరగడం పోయిందని రాస్తే, అందులో నచ్చింది నడకా, పచ్చదనమా, దారిలో ఎదురై పలకరించే మనుషులా? ఒక్కోదానికి ఒక్కో వ్యాపకం దొరుకుతుంది.

రెండో అడుగు: వారం రోజులు మీ ఒంటిని గమనించండి

అదే నోటుబుక్కులో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు రాయండి. నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక అంకె, ఓపికకి ఒక అంకె, మనసు ఎలా ఉందో ఒక్క మాట. వారం అయ్యాక చూస్తే మీ ఒంటికి ఒక టైంటేబుల్ ఉందని తెలుస్తుంది. నాలాంటివాళ్లకి పొద్దున బిగుతు, మధ్యాహ్నానికి సడలింపు. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో చాలామందికి ఆ సాయంత్రం ఒళ్లు పిండేసినట్టు ఉంటుంది, మర్నాటికి తేలికపడుతుంది. ఉబ్బసం వాళ్లకి రాత్రీ తెల్లవారుజామూ కష్టం.

మీకు రెండు టైములు తెలియాలి. ఒంట్లో కాస్త ఓపిక ఉండే టైము, మనసు కుంగే టైము. నాకు ఓపిక మూడింటికి, దిగులు నాలుగింటికి. అందుకని మూడుముప్పావుకి కూర్చుంటాను. దిగులు వచ్చేసరికి పలక మీద ముగ్గు వేయడానికి నా చేతిలో బలపం ఉంటుంది.

మూడో అడుగు: చెడ్డరోజు పరీక్ష పెట్టండి

మిగతావి మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. వ్యాపకాన్ని మనం మంచిరోజున ఎంచుకుంటాం, ఆ రోజు ఓపిక ఉంటుంది కనక. నేనూ అదే చేశాను. మందు బాగా పట్టిన ఒక వారంలో క్రోషియా నేర్చుకుందామని ట్రంకురోడ్డుకి వెళ్లి ఊలూ సూదులూ కొనుక్కొచ్చాను. నాలుగో రోజుకి మణికట్టు వాచింది. ఊలు బీరువాలోకి పోయింది. బీరువా తెరిచినప్పుడల్లా "ఇది కూడా నా చేత కాలేదు" అని ఒక పోటు. జబ్బు ఇచ్చిన బాధ చాలదన్నట్టు డబ్బులిచ్చి ఇంకొకటి తెచ్చుకున్నట్టయింది.

కాబట్టి మీ నోటుబుక్కు తెరిచి, ఆ వారంలో అన్నిటికన్నా చెడ్డరోజు ఏదో చూడండి. మీరు అనుకుంటున్న పనిని ఆ రోజున ఐదు నిమిషాలైనా చేయగలిగేవాళ్లా? ఆనుకొనో పడుకొనో చేయొచ్చా? మధ్యలో వదిలేస్తే పాడవుతుందా? మొదలుపెట్టాలంటే ఎవరో ఒకరు లేచి ఏదైనా తెచ్చివ్వాలా? రంగులతో బొమ్మలు వేయడం బాగానే ఉంటుంది, కలిపిన రంగు వదిలేస్తే ఎండిపోతుంది. తొట్టిలో చేపలు చూడముచ్చటగా ఉంటాయి, మీరు లేవలేని వారం నీళ్లు మార్చేది ఎవరు?

ఈ పరీక్షకి నిలిచేవి మన ఇళ్లల్లోనే బోలెడు ఉన్నాయి. రేడియో. కిటికీ బయట వేపచెట్టు మీదికి వచ్చే పిట్టల్ని గుర్తుపట్టి రాసుకోవడం. వామనగుంటల పీట. కుండీలో పుదీనా. పిల్లల చేత ఏదైనా చదివించుకొని వినడం.

కొండపి దగ్గర మా పిన్నమ్మ కొడుకున్నాడు. పొగాకు రైతు. రెండు కిడ్నీలూ పోయి వారానికి మూడుసార్లు ఒంగోలు వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఒకప్పుడు తిరునాళ్లలో పౌరాణిక నాటకాల పద్యాలు పాడేవాడు, రాగం తీస్తే ఊరి చివరిదాకా వినపడేది. ఇప్పుడు ఆయాసానికి గొంతు నిలవదు. మొదట్లో పద్యం వినపడితే లేచి అవతలికి వెళ్లిపోయేవాడు. ఏడాది తరవాత డయాలసిస్ కుర్చీలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వినడం మొదలుపెట్టాడు. సూదులున్న చెయ్యి కదల్చకూడదు, రెండో చేతి వేలితో తొడ మీద తాళం వేసుకుంటాడు. రాగం ఎక్కడ తీశారు, ఎక్కడ ఆపారు, ఎవరు ఎలా విరిచారు, అదంతా ఇంటికొచ్చాక ఫోనులో మా తమ్ముడి కొడుక్కి చెబుతాడు. "అక్కా, నాలుగ్గంటలు గోడ గడియారం చూసేవాణ్ని. ఇప్పుడు మిషను బీప్ కొడితే అప్పుడే అయిపోయిందా అనిపిస్తంది" అన్నాడు. చేయలేనివాళ్లు వినొచ్చు. వినడం తక్కువ పనేం కాదు.

నాలుగో అడుగు: పనిముట్టుని మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోండి

నాకు దారి చూపించింది ట్యూషన్ పిల్ల ఒకతి మా ఇంట్లో మరిచిపోయిన రాతిపలక. మార్కాపురం పలక, నాలుగు పక్కలా చెక్క చట్రం. ఒకరోజు ఒళ్లో దిండు పెట్టుకొని, దాని మీద పలక పెట్టుకొని, ఊరికే చుక్కలు పెట్టాను. ఎదురుచుక్క, ఐదు నుంచి ఒకటి వరకు. అంటే వరసగా ఒకటి, మూడు, ఐదు, మూడు, ఒకటి, మొత్తం పదమూడు చుక్కలు. మొదటి మెలిక తిప్పేసరికి బలపం వేళ్లలోంచి జారిపోయింది. బలపం సన్నం. సన్నటిదాన్ని పట్టుకోవాలంటే వేళ్లు గట్టిగా నొక్కాలి, నొక్కితే కణుపుల మీద భారం పడుతుంది. పాత చీర అంచుని సన్నగా చించి బలపానికి చుట్టాను, నా బొటనవేలంత లావు వచ్చేదాకా. పైన రబ్బరు బ్యాండు. అప్పుడు నిలిచింది. పెన్నూ, కుంచే, గరిటే, సన్నగా ఉన్నదేదైనా ఇలా లావు చేసుకుంటే కీళ్ల మీద భారం తగ్గుతుంది.

మెలికల ముగ్గు వేసేటప్పుడు గీతని నెమ్మదిగా నడపండి. వంపు తిరుగుతున్నంతసేపూ ఊపిరి వదలండి, చుక్కకీ చుక్కకీ మధ్య తిన్నగా వెళ్లేటప్పుడు పీల్చండి. వదిలే ఊపిరి పీల్చినదానికంటే పొడుగ్గా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది, ఒళ్లు వదులవుతుంది. ఇది ప్రాణాయామంలో ఉన్నదే. కళ్లు మూసుకొని కూర్చుంటే నాకు నొప్పి తప్ప ఇంకేం కనపడేది కాదు, చేతిలో గీత ఉంటే కుదిరింది. కూర్చునే ముందు గోరువెచ్చటి నీళ్లలో చేతులు పది నిమిషాలు పెడితే వేళ్లు ఇంకా బాగా మాట వింటాయి.

బలపం కూడా పట్టుకోలేని రోజు ఉంటుంది. ఆ రోజు గిన్నెలో కాసిని నీళ్లు పెట్టుకొని, వేలు ముంచి పొడి పలక మీద గీయండి. రాతి మీద తడిగీత నల్లగా మెరుస్తూ కనపడుతుంది. మే నెలలో మన ఎండకి ముగ్గు పూర్తయ్యేలోపే మొదట తిప్పిన మెలిక ఆరిపోతూ ఉంటుంది, వెనకాలే చెరిగిపోతుంటే ముందుకి గీసుకుంటూ పోవడమే. దుమ్ము పడని ఉబ్బసం వాళ్లు ఎప్పుడూ ఇలాగే నీళ్లతోనే వేసుకోవచ్చు. పలక గురించి ఇంతగా చెప్పడానికి ఒక కారణం ఉంది. దాని మీద ఏదీ మిగలదు. వంకర పోతే తడిగుడ్డ పెట్టి తుడిచేస్తాం. మనం ఓడిపోయినట్టు గుర్తుచేసే వస్తువేదీ బీరువాలో ఉండదు.

ఇక మిగతావి. మల్లెపూల కాలంలో దండ కట్టడం ఇష్టమైతే, నారతో ముడి వేసే బదులు పెద్ద సూదీ దారంతో గుచ్చండి. అది వేళ్లకి సులువు. షుగరు ఉండి వేళ్లకి స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం సూది ముట్టుకోవద్దు, గుచ్చుకున్నా తెలియదు. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి మెడా నడుమూ వంగని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఏ వ్యాపకమైనా కంటి ఎత్తుకి రావాలి. కుండీని నేల మీద పెట్టకుండా గోడ మీదో ఎత్తు బల్ల మీదో పెట్టండి. వామనగుంటల పీటని స్టూలు మీద ఉంచి, ఆడేవాళ్లిద్దరూ కుర్చీల్లో కూర్చోండి. నేల మీద కూర్చుంటేనే ఆట అన్న పట్టింపు వద్దు.

ఐదో అడుగు: అలారం పెట్టుకోండి, మోగగానే ఆపేయండి

మొదటి రెండు వారాలూ పది నిమిషాలు. అలసట వచ్చాక ఆపడం కాదు, రాకముందే ఆపాలి. దీన్ని నేను దెబ్బతిని నేర్చుకున్నాను. జబ్బు వచ్చిన మూడో ఏడు, భోగి రోజున చేతులు తేలిగ్గా ఉన్నాయి. ఇన్నాళ్లకి అనుకొని వాకిట్లో కూర్చొని పెద్ద రథం ముగ్గు వేశాను, రంగులతో సహా రెండు గంటలు. అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు సంక్రాంతి. కాఫీ గ్లాసు ఎత్తలేకపోయాను. మూడు రోజులు మా అమ్మాయి అన్నం కలిపి నోట్లో పెట్టింది. దీర్ఘకాలం జబ్బున్నవాళ్లందరికీ ఈ వల తగులుతుంది. మంచిరోజు దొరగ్గానే పాత బాకీలన్నీ ఒకేసారి తీర్చేద్దామనుకుంటాం. మంచిరోజున కూడా అలారం మోగగానే ఆపండి. రెండు వారాలు ఏ ఇబ్బందీ లేకపోతే ఐదు నిమిషాలు పెంచండి. నేను ఇప్పటికీ ఇరవై ఐదు దాటను.

చెడ్డరోజుకి అదే వ్యాపకంలో చిన్న ముక్క ఒకటి ముందే అనుకొని పెట్టుకోండి. ముగ్గు వేయలేకపోతే చుక్కలే పెడతాను. చుక్కలూ పెట్టలేకపోతే నిన్నటి ముగ్గు గీతల మీద కంటితో నడుస్తాను. వినేవాళ్లు ఒక్క పాటతో ఆపొచ్చు. మొక్కలవాళ్లు ఆ రోజుకి నీళ్లు ఇంకొకరి చేత పోయించి, ఒక ఆకు వాసన చూసి కూర్చోవచ్చు. అలవాటు తెగకుండా ఉంటే చాలు.

ఆరో అడుగు: ఇంట్లోవాళ్లకి మీరే చెప్పండి

"చపాతీ ఒత్తలేవు గానీ బలపం పట్టుకోగలవా?" అని మా అత్తమ్మ అడిగింది. ఆ మాట పది రోజులు గుచ్చుకుంది. కనపడని జబ్బున్నవాళ్లు అందరూ ఏదో ఒక రూపంలో దీన్ని వింటారు. పని చేయలేనివాళ్లు సరదా ఎలా చేస్తారు, అంతా నటనేమో, అని ఎదుటివాళ్లకి అనుమానం. అనుమానం కన్నా ముందు మనలోనే తప్పు చేస్తున్నామన్న భావన ఉంటుంది. అందుకే ఎవరైనా వస్తే నేను పలక దిండు కిందికి తోసేసేదాన్ని.

కోపంలో జవాబు చెప్పకండి. ఒకరోజు ఆమె తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పాను: "అత్తమ్మా, చపాతీ ఒత్తాలంటే భుజం బరువంతా మణికట్టు మీద వేయాలి. దీనికి వేలు ఒక్కటి కదిలితే చాలు. ఈ పది నిమిషాలూ లేకపోతే నేను సాయంత్రమంతా ఏడుస్తా కూర్చుంటాను. దీన్ని నా మందుల్లో ఒకటి అనుకోండి." ఆమె ఏమీ అనలేదు. ఒప్పుకుందో లేదో కూడా నాకు తెలియదు. ఆ టైములో నన్ను పిలవడం మాత్రం మానేసింది. మీరు కూడా ఇలాగే మూడు సంగతులు చెప్పండి: ఎంతసేపు, ఏ టైములో, అది లేకపోతే మీకేమవుతుందో. అంతకుమించి వాదన వద్దు.

ఇంకో రకం మనుషులుంటారు, ప్రేమతోనే అంటారు. "ఇంత బాగా వస్తుంటే అమ్మొచ్చుగా, యూట్యూబ్‌లో పెట్టొచ్చుగా" అని. కనీసం ఆరు నెలలు ఆ మాట చెవిన వేసుకోకండి. అమ్మకం అనగానే గడువు వస్తుంది, గడువు రాగానే టెన్షన్ వస్తుంది, మీరు చెడ్డరోజున కూడా లేచి కూర్చోవాల్సి వస్తుంది. డబ్బు అవసరమైనవాళ్లకి వేరే ఆలోచన ఉండొచ్చు, దాన్ని తప్పనను. ఈ పది నిమిషాల్ని మాత్రం దానికి తాకట్టు పెట్టకండి.

ఆసుపత్రికి ఒక సంచి

మూడు నెలలకోసారి రక్త పరీక్షలకి నెల్లూరు వెళ్తాను. రైలు దిగి, ఆటో ఎక్కి, టోకెన్ తీసుకొని కూర్చుంటే మూడు గంటలు కూడా పట్టొచ్చు. భయం పెరిగేది అక్కడే. పక్కనున్నావిడ తన కథ చెబుతుంది, మనకీ అంతేనేమో అనిపిస్తుంది. అందుకే ఒక గుడ్డ సంచి విడిగా కట్టిపెట్టుకోండి: చిన్న పలక, గుడ్డ చుట్టిన బలపం, డబ్బాలో తడిగుడ్డ, ఇయర్‌ఫోన్లు, ముందే ఫోనులో దింపుకున్న రెండు గంటల పాటలో ప్రవచనమో. మెడ వెనక పెట్టుకోవడానికి మడిచిన తువ్వాలు. ఫైలుతో పాటే ఈ సంచి గుమ్మం దగ్గర వేలాడుతుండాలి. నా పలక మూలన ఎప్పుడూ "ఆదివారం" అని రాసి ఉంటుంది. నా కీళ్ల జబ్బుకి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ బిళ్ల రోజు అది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ముగ్గు తుడిచినా ఆ మూల తుడవను.

బయటికి వెళ్లేవాళ్లకి, మట్టి ముట్టుకునేవాళ్లకి

సముద్రం మనకి దగ్గర్లో ఉంది. కావలి వాళ్లకి తుమ్మలపెంట, నెల్లూరు వాళ్లకి మైపాడు, ఒంగోలు వాళ్లకి కొత్తపట్నం. సాయంత్రం ఐదు తరవాత వెళ్లి, మడత కుర్చీ వేసుకొని కూర్చోండి. ఇసుకలో నడవడం కీళ్లకీ గుండెకీ భారం, గట్టి నేల మీదే నాలుగడుగులు వేయండి. షుగరు వాళ్లు చెప్పులు విప్పొద్దు. పాదాలకి స్పర్శ తగ్గితే ఎండకి కాగిన ఇసుక కాలుస్తున్నా తెలియదు, గవ్వ గుచ్చుకున్నా తెలియదు. శీతాకాలంలో ఓపిక ఉన్న రోజు చూసుకొని చెన్నై దారిలో నేలపట్టు వెళ్లగలిగితే, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లల్ని సాకుతుంటాయి. ఒకచోట కూర్చొని చూసే పనే కాబట్టి ఆయాసం ఉన్నవాళ్లకీ నప్పుతుంది.

మట్టి పని చేసేవాళ్లు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే చేతికి తొడుగులు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఎరువు పొడిగా ఉన్నప్పుడు కలపకండి, ముందు నీళ్లు చిలకరించండి. డయాలసిస్ కోసం ఫిస్టులా (సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాల్ని కలిపి కుట్టిన చోటు) పెట్టిన చేత్తో బరువులు ఎత్తొద్దు, నీళ్ల బకెట్ అసలొద్దు. అర లీటరు మగ్గుతో నాలుగుసార్లు పోయండి, లేదా పైపు పెట్టించుకోండి.

వ్యాపకం సరిపోనప్పుడు

ఇది చాలా ముఖ్యం. రెండు వారాలకి పైగా రోజూ దిగులుగానే ఉంటే, ఇష్టమైనదాని మీద కూడా మనసు పోకపోతే, నిద్రా తిండీ తప్పిపోతే, అది మీ పట్టుదల లోపం కాదు. డిప్రెషన్ అయ్యుండొచ్చు. దీర్ఘకాలపు జబ్బులున్నవాళ్లకి అది మిగతావాళ్లకంటే ఎక్కువగా వస్తుంది, దానికి వైద్యం ఉంది. మీ జబ్బు చూసే డాక్టరుకే ముందు చెప్పండి. చీటీ మీద రాసి చేతికిచ్చినా ఫరవాలేదు, నేను అలాగే ఇచ్చాను, నోటితో చెప్పలేక. చచ్చిపోదామన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. ఇంట్లో ఒకరికి చెప్పి, 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు నా నోటుబుక్కు అట్ట మీద రాసిపెట్టుకున్నాను. ఒకసారి వాడుకున్నాను కూడా.

ఏదీ తోచకపోతే

ఇంత చదివాక కూడా ఏది మొదలుపెట్టాలో తేలకపోతే, ఈ రాత్రి పడుకోబోయే ముందు వంటింట్లో పోపుల డబ్బాలోంచి రెండు చెంచాల మెంతులు తీసి నీళ్లలో వేయండి. పొద్దున నీళ్లు వంచేసి, తడిగుడ్డలో మూటగట్టి ఒక గిన్నెలో పెట్టండి. గుడ్డ ఆరకుండా రోజుకి రెండుసార్లు నీళ్లు చిలకరించాలి. ఎండాకాలమైతే మూడుసార్లు. మొలక కనపడగానే, అడుగున చిల్లులు పెట్టిన పాత ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు వేళ్ల మందం మట్టి పోసి, పైన పరిచి, పల్చగా మట్టి చల్లండి. మంచం పక్కన కిటికీలో పెట్టండి, లేవకుండానే కనపడేట్టు. మూడు వారాలు దాటేసరికి కూరకి వస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు తినే ముందు డాక్టరుని అడగండి, చూసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు.

రెండో రోజు ఏమీ కనపడకపోవచ్చు. మూటని మళ్లీ మళ్లీ విప్పొద్దు. మూడో రోజు పొద్దున, వేళ్లు సడలాక, నెమ్మదిగా ముడి విప్పి చూడండి.